ఊరికి వచ్చిన అంతర్జాలము

నల్లగొండ, పాలమూరు సీమలు మెట్టప్రాంతములు. ఇచట వానలు తక్కువ. చెలకనేలలును, గుట్టలును, బండరాళ్లును అధికము. పంట చేతికి రాని యేడు ఇచటి కూలీలు మేస్త్రీల వెంట దూరప్రాంతములకు పోయి ఆనకట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి, పట్టణములందు మేడలు లేపిరి. అట్లు పోయినవారి క్షేమసమాచారము ఇంటికి చేరుట పూర్వము మిక్కిలి కష్టముగా నుండెడిది. వ్రాయనేర్చినవానిని బతిమాలి జాబు వ్రాయింపవలెను. అది కొన్నిదినములకు ఊరు చేరును. చదువనేర్చినవాడు దొరకినప్పుడు గదా అందలి విషయము తెలియుట! అత్యవసరమైనచో తంతి పంపెడివారు. తంతి వచ్చినదనిన చాలు, ఏ దుర్వార్తయో యని ఇంటిల్లిపాదియు తల్లడిల్లెడివారు. ఆ తంతి సేవ 2013వ సంవత్సరము జూలై నెలతో మనదేశమున ముగిసినది.

నేడు ముంబైలో పనిచేయు తండ్రి కోస్గిలోనున్న తన కుమార్తె ముఖమును చూచుచు మాటలాడగలుగుచున్నాడు. ఆమె పరీక్షరుసుమునకు వలయు పైకమును నిలుచున్నచోటి నుండియే పంపగలుగుచున్నాడు. దేవరకొండ రైతు తన భూమి వివరములను చేతిలోని ఫోనులో చూచుకొనుచున్నాడు. ఈ మార్పునకు కారణము అంతర్జాలము. దీనిని మనలో ననేకులు దినదినము వాడుచున్నారు. కాని అది యెట్లు పనిచేయునో, అది చేయు సేవలు ఎన్ని తెరగులవో, వానిని వాడునప్పుడు ఎట్టి జాగ్రత్త వలయునో తెలిసినవారు కొందరే. ఆ సంగతులను ఈ పాఠమున తెలిసికొందము.

అంతర్జాలమనగా ఒక యంత్రము గాదు. ఒక సంస్థయును గాదు. ప్రపంచమందలి కోట్లకొలది కంప్యూటర్లును, చేతిఫోనులును ఒకదానితో నొకటి కలియగా నేర్పడిన పెద్ద అల్లిక. దీనిని గ్రహించుటకు మన ఊరి చెరువులను తలచుకొనుడు. కాకతీయుల కాలమునుండియు తెలంగాణమున గొలుసుకట్టు చెరువులు కలవు. ఎగువచెరువు నిండి అలుగు పారినచో ఆ నీరు వాగు వెంట దిగువచెరువునకు చేరును. అదియు నిండినపిదప ఆపై చెరువునకు సాగును. అట్లే సమాచారము ఒక యంత్రమునుండి వేరొకదానికి, అందుండి మరియొకదానికి అందింపబడుచు గమ్యము చేరును. అయితే ఒక భేదము కలదు. నీరు పల్లమునకు మాత్రమే పారును. సమాచారము ఇరుదిక్కులకును పారును. ఒక కట్ట తెగినచో దిగువచెరువునకు నీరు రాదు. అంతర్జాలమున ఒక దారి తెగినను సమాచారము వేరొక దారిని వెదకికొని పోవును.

మీరు ఒక ఛాయాచిత్రమును పంపినారనుకొనుడు. అది అఖండముగా పోదు. చిన్నచిన్న పొట్లములుగా విడిపోవును. ప్రతి పొట్లముమీదను పంపువారి చిరునామా, అందుకొనువారి చిరునామా, వరుససంఖ్య ఉండును. ఈ పొట్లములు వేర్వేరు దారుల పోయినను గమ్యమున వరుస ప్రకారము చేరి, మరల చిత్రముగా రూపొందును. దారిలో ఏదైన పొట్లము పోయినచో దానిని మరల పంపుమని అవతలి యంత్రము అడుగును. ఇదంతయు రెప్పపాటు కాలములో జరుగును.

ఈ అల్లికకు బీజము 1969వ సంవత్సరమున అమెరికాలో పడినది. ఆ యేడు అక్టోబరు 29న లాస్ ఏంజెలెస్ నగరమందలి విశ్వవిద్యాలయపు కంప్యూటరునుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనాసంస్థలోని కంప్యూటరునకు మొదటి సందేశమును పంప యత్నించిరి. "లాగిన్" అను ఇంగ్లీషు పదమును పంపవలెనని వారి ఉద్దేశము. మొదటి రెండక్షరములు చేరినవో లేదో, యంత్రము నిలిచిపోయినది. ఆ రెండక్షరములే అంతర్జాలమున పయనించిన తొలి సందేశమైనవి. పిమ్మట వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరు అల్లికలు తమలో తాము మాటలాడుకొనుటకు తగిన నియమములను 1974లో ప్రకటించిరి. 1983 జనవరి 1 నుండి ఆ నియమములు అమలులోనికి వచ్చినవి. మనదేశమున సామాన్యప్రజలకు అంతర్జాలసేవ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ ద్వారా ఆరంభమైనది. ఆనాడు టెలిఫోను తీగతో కంప్యూటరును కలిపి, మెల్లగా వచ్చు సమాచారము కొరకు కాచుకొని కూర్చుండవలసి యుండెడిది.

సమాచారము గాలిలో తేలి వచ్చునని పలువురు తలతురు. నిజమునకు అది మన ఫోనునుండి సమీపమందలి టవరు వరకు మాత్రమే గాలిలో పోవును. అటుపిమ్మట అధికభాగము భూమిలోనే పయనించును. వెంట్రుకవలె సన్నని గాజు తంతువులు భూమిలో పరువబడియున్నవి. వానిలో వెలుగు మినుకుమినుకుమనుచు సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగమున పోవును. ఆ మినుకులే మన అక్షరములు, చిత్రములు, మాటలు. దేశాంతరములకు పోవు తంతువులు సముద్రగర్భమున పరువబడినవి; అవి ముంబై, చెన్నై వంటి తీరనగరములవద్ద గట్టెక్కును. అమెరికాలోని బంధువు మాట సూర్యాపేటలో వినబడుటకు సముద్రపు టడుగున నున్న గాజుదారమే ఆధారము.

మన సీమలో ఈ తంతువులకును త్రాగునీటికిని చుట్టరికము కలదు. నల్లగొండ జిల్లాలోని అనేక గ్రామముల భూగర్భజలమున ఫ్లోరైడు అధికము. ఆ నీరు త్రాగి ఎందరో ఎముకలు వంగి బాధపడిరి. ఇంటింటికి శుద్ధమైన నదీజలము నందించుటకై మిషన్ భగీరథ పథకమునకు 2015 జూన్ నెలలో, నాటి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్‌లో శంకుస్థాపన జరిగినది. నీటిగొట్టములకై త్రవ్విన కందకములందే గాజుతంతువుల గొట్టములను గూడ వేసినచో రెండుమారులు త్రవ్వు ఖర్చు తప్పునని రాష్ట్రప్రభుత్వము తలచినది. ఆ తలంపునుండి పుట్టినదే టీ-ఫైబర్. 2024 డిసెంబరులో ఈ సేవ ప్రయోగరీతిగా నాలుగు గ్రామములలో ఆరంభమయ్యెను. అందులో నారాయణపేట జిల్లాలోని మద్దూరు ఒకటి. ఒకప్పుడు కరవునకును వలసకును పేరుపడిన ఆ ప్రాంతమున నీరును వెలుగును ఒకే కందకము వెంట వచ్చుట గమనింపదగిన విషయము.

ఇక సేవల సంగతి. దారి వేరు, దారిపై నడుచు బండ్లు వేరు. అంతర్జాలము దారి. దానిపై నడుచు బండ్లే సేవలు. పలువురు ఈ రెంటిని ఒకటిగా భావింతురు. వానిలో ముఖ్యమైనవానిని వరుసగా చూతము.

మొదటిది విద్యుల్లేఖ. దీనినే ఈ-మెయిల్ అందురు. 1971లో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు ఒక కంప్యూటరునుండి వేరొక కంప్యూటరునకు లేఖను పంపు విధానమును కనిపెట్టెను. మనిషి పేరును, అతని లేఖలు చేరు యంత్రము పేరును వేరుపరచుటకు నడుమ "అట్" అను గుర్తును పెట్టినవాడును అతడే. విద్యుల్లేఖ పంపుటకు మనకొక చిరునామాయు, దానిని తెరచుటకు తాళపుచెవి వంటి రహస్యపదమును ఉండవలెను. లేఖతో పాటు ఛాయాచిత్రములను, ధ్రువపత్రములను గూడ జతచేయవచ్చును. ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుట, కళాశాలకు వ్రాయుట, అధికారికి ఫిర్యాదు పంపుట మొదలగు పనులందు ఇది ఉత్తమము. ఏలయన, ఏనాడు ఏమి వ్రాసితిమో, దానికేమి బదులు వచ్చినదో అంతయు తేదీలతో భద్రముగా నుండును. నోటిమాటకు సాక్ష్యము దొరకదు. లేఖకు లేఖయే సాక్ష్యము.

రెండవది విశ్వవ్యాప్తజాలము. వెబ్ అని పిలువబడునది ఇదియే. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాసంస్థలో పనిచేయుచు టిమ్ బర్నర్స్-లీ 1989లో దీనిని ప్రతిపాదించెను. ఒక పుటలోని మాటను తాకినచో, దానికి సంబంధించిన వేరొక పుట తెరచుకొనుట ఇందలి విశేషము. ఆ రెండవ పుట ప్రపంచమున ఏ మూలనున్న యంత్రములోనైన ఉండవచ్చును. 1993లో సెర్న్ దీనిని ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చునని ప్రకటించినది. ఆ ఔదార్యము వలననే ఇది లోకమంతట వ్యాపించెను. ఇన్ని పుటలలో మనకు కావలసినదానిని వెదకి చూపుటకు శోధనయంత్రములు కలవు. అడుగుట తెలిసినవానికే అవి చక్కగా బదులిచ్చును. "వరి" అని మాత్రము వ్రాసినచో లక్షల పుటలు వచ్చిపడును. "యాసంగి వరి కాండము తొలుచు పురుగు నివారణ" అని వ్రాసినచో రైతునకు పనికివచ్చు విషయము దొరకును.

మన తెలుగక్షరములు ఈ జాలమున కనబడుట తనంతట జరుగలేదు. కంప్యూటరునకు తెలిసినవి సంఖ్యలే. కావున ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య నిర్ణయింపబడవలెను. ప్రపంచలిపులన్నిటికి అట్టి సంఖ్యలనిచ్చు యూనికోడ్ ప్రమాణమున 1991లోనే తెలుగునకు చోటు లభించినది. అప్పటినుండి ఒక ఊరిలో వ్రాసిన తెలుగును వేరొక దేశమున అదే రూపమున చదువుటకు మార్గమేర్పడెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. ఇది ఎవరైనను వ్రాయగల, దిద్దగల విజ్ఞానసర్వస్వము. ఇందు మన గ్రామములను గూర్చిన పుటలును అనేకములు కలవు. మీ ఊరి పుటను తెరచి చూడుడు. అందు లోపమున్నచో ఆధారము చూపి దిద్దుడు. అయితే ఎవరైనను వ్రాయగల పుటలో తప్పును ఎవరైనను వ్రాయగలరని మరువరాదు. ఒకచోట చదివిన విషయమును మరి రెండుచోట్ల సరిచూచుకొనుట విద్యార్థికి అవశ్యకమైన అలవాటు.

మూడవది సందేశసేవ. వ్రాసిన మాట, పలికిన మాట, చిత్రము, ముఖాముఖి సంభాషణ ఇవి యన్నియు దీని ద్వారా క్షణములో చేరును. వలసపోయిన కుటుంబములకు ఇది గొప్ప ఊరట. కాని వేగముగా పోవునది సత్యమే గానక్కరలేదు. 2018లో జరిగిన ఒక సంగతి వినుడు. పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని భయంకరచిత్రములతో కూడిన అబద్ధపు సందేశములు ఆ యేడు ఫోనులలో వ్యాపించినవి. దేశమున కొన్నిచోట్ల జనులు ఆ మాటలు నమ్మి, దారిన పోవు నిరపరాధులను కొట్టి చంపిరి. జోగులాంబ గద్వాల జిల్లాలోను ఈ వదంతులు పుట్టినవి. వేసవిరాత్రులందు ఆరుబయట నిద్రించు గ్రామస్థులు చీకటిపడగనే తలుపులు బిగించుకొనసాగిరి. అప్పటి జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి ఈ ప్రమాదమును ముందుగనే గుర్తించెను. ఆమె గ్రామములకు పోలీసులను పంపి, ప్రజలతో మాటలాడించెను. డప్పులతో, పాటలతో ఊరూర ప్రచారము చేయించెను. ఫోనులో వచ్చినదెల్ల నిజము గాదనియు, అనుమానము కలిగినచో పోలీసులకు తెలుపవలెననియు బోధించిరి. ఆ ప్రయత్నము ప్రాణములను కాపాడినదని పలువురు కొనియాడిరి. అదే సంవత్సరము జూలైలో వాట్సాప్ సంస్థయు భారతదేశమున ఒక సందేశమును ఒక్కసారిగా ఐదింటికి మించి ముందునకు పంపరాదని కట్టడి చేసినది.

ఈ కథవలన మనము నేర్వవలసినదేమి? సందేశమును పుట్టించినవానికే గాక, దానిని ముందునకు త్రోసినవానికిని బాధ్యత కలదు. ఎవరు వ్రాసిరి? ఎప్పుడు వ్రాసిరి? ఎచట జరిగినది? ఈ మూడు ప్రశ్నలకు బదులు లేని సందేశమును మీయొద్దనే ఆపుడు.

నాలుగవది ధనసేవ. యూపీఐ అను చెల్లింపు విధానమును భారత జాతీయ చెల్లింపుల సంస్థ 2016 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టినది. టీదుకాణములందును, కూరగాయల బండ్లమీదను కనబడు నలుపు తెలుపు గళ్లచీటి దీనికి సంబంధించినదే. ఆ చీటిలో దుకాణదారుని ఖాతా గుర్తు దాగియుండును. ఫోను దానిని చదివి, మనము రహస్యసంఖ్యను నొక్కగనే మన బ్యాంకునుండి వాని బ్యాంకునకు పైకము మారును. జేబులో చిల్లర లేదను చిక్కు తొలగినది.

కాని మోసగాండ్రును ఈ దారినే పట్టిరి. కావున ఒక సూత్రమును కంఠస్థము చేయుడు: రహస్యసంఖ్య పైకము పంపుటకే కావలెను, పుచ్చుకొనుటకు ఎన్నడును అక్కరలేదు. "మీకు బహుమతి వచ్చినది, సంఖ్య నొక్కుడు" అని ఎవరైన పలికినచో వారు మీకిచ్చువారు కారు, మీయొద్ద దోచువారు. బ్యాంకువారమని చెప్పి ఓటీపీ అడుగువారును అట్టివారే. పోలీసు దుస్తులలో తెరమీద కనబడి "మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, విడిచిపెట్టుటకు ధనము పంపుడు" అని బెదరించువారును కలరు. అట్టి అరెస్టు మన చట్టమున లేనేలేదు. మోసపోయినచో సిగ్గుపడి దాచుట తగదు. వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, పోయిన పైకము చేతులు మారకముందే నిలుపుటకు అంత అవకాశముండును.

ఐదవది ప్రభుత్వసేవ. నిజాము పాలనలోను, అటుతరువాత చాలకాలమును తెలంగాణ గ్రామములందు భూమి లెక్కలు పటేలు పట్వారీల చేతిలో నుండెడివి. పహాణీలో ఏమి వ్రాసియున్నదో అక్షరజ్ఞానము లేని రైతునకు తెలిసెడిది కాదు. 1980వ దశకమున ఆ పద్ధతి రద్దయినది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మీ సేవ ఆరంభమైనది. కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రములకై కార్యాలయముల చుట్టు పలుమారులు తిరుగుటకు బదులు, మీ సేవా కేంద్రమున దరఖాస్తు పెట్టి, దాని సంఖ్యను బట్టి పని ఎంతవరకు వచ్చినదో తెలిసికొనవచ్చును. ఈ పత్రములపై అధికారి చేతిసంతకమునకు బదులు డిజిటల్ సంతకముండును. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము అట్టి సంతకమునకు చెల్లుబాటును కలిగించినది.

భూమి లెక్కలకై 2020 అక్టోబరు 29న ధరణి అను జాలస్థలము ఆరంభమైనది. భూమి అమ్మకము, పేరుమార్పు మొదలగు పనులు దీని ద్వారా త్వరగా జరుగసాగినవి. కాని లెక్కలలో తప్పులు దొర్లినవని, వానిని దిద్దించుకొను మార్గము సులభముగా లేదని అనేకులు మొరపెట్టుకొనిరి. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చినది. తప్పులను సవరింపించుకొనుటకును, అధికారి నిర్ణయముపై అప్పీలు చేసికొనుటకును క్రొత్త చట్టము వీలు కల్పించినది. దీనిని మొదట అమలుపరచిన నాలుగు మండలములలోను మద్దూరు ఒకటి. ఇందుండి తెలియునదేమనగా, యంత్రము తనకు ఇచ్చినదానినే చూపును. ఇచ్చినది తప్పైనచో ఆ తప్పునే వేగముగా చూపును. కావున పట్టాదారు పేరు, సర్వే సంఖ్య, ఎకరములు, గుంటలు సరిగా నున్నవో లేవో చూచుకొనుట అవసరము. ఎకరమునకు 40 గుంటలు. ఒక్క అంకె తారుమారైనచో ఒక కుటుంబపు జీవనాధారమే చిక్కున పడవచ్చును.

ఆరవది వ్యాపారసేవ. జాతీయ వ్యవసాయ విపణి, అనగా ఈ-నామ్, 2016 ఏప్రిల్ 14న ఆరంభమయ్యెను. పాలమూరు సీమలోని బాదేపల్లి, నల్లగొండ సీమలోని తిరుమలగిరి మార్కెట్లు ఆరంభదశలోనే ఇందులో చేరినవి. పూర్వము వ్యాపారులు రాశుల చుట్టు తిరుగుచు నోటితో పాట పాడెడివారు. ఈ విధానమున రైతు తెచ్చిన సరకునకు ద్వారమువద్దనే ఒక సంఖ్య నిత్తురు. నాణ్యమును పరీక్షించి వివరములను తెరపై నుంచెదరు. వ్యాపారులు ఒకరి ధర వేరొకరికి తెలియకుండ ఫోనునుండియో, కంప్యూటరునుండియో ధర వేయుదురు. అందరికంటె ఎక్కువ వేసినవాని ధర ప్రకటింపబడును; అది నచ్చనిచో అమ్మకుండుటకు రైతునకు హక్కు కలదు. ఆనాటి ధరలను ఇంటినుండియే చూచుకొని సరకును ఎప్పుడు తీసికొనిపోవలెనో నిర్ణయించుకొనుట మరియొక లాభము.

నేతగాండ్రకును ఇట్టి మేలు కలదు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చీరెలు లోకప్రసిద్ధములు. దళారికి తక్కువ ధరకు అమ్ముటకు మారుగా, నేతగాడు తన చీరె చిత్రమును జాలమున పెట్టి దూరదేశమందలి కొనుగోలుదారునకు నేరుగా అమ్మగలడు. అయితే మరమగ్గముపై నేసిన నకిలీ బట్టయు అదే తెరమీద అదే పేరుతో అమ్ముడుపోవుచున్నది. ఈ మూడు చీరెలకును భౌగోళిక గుర్తింపు లభించియున్నది. ఆ గుర్తును అడిగి కొనుట కొనుగోలుదారుని ధర్మము. తెరమీద బట్టను తాకి చూడలేము. కావున అమ్మువాని పేరు, చిరునామా, తిరిగి పంపు నియమము ముందుగా చదువవలెను.

ఏడవది విద్యాసేవ. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా బడులు మూతపడెను. ఆ యేడు సెప్టెంబరు 1 నుండి తెలంగాణమున దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పసాగిరి. దూరదర్శనము ఒకవైపు పారు కాలువ వంటిది. గురువు చెప్పును, శిష్యుడు వినును. అంతర్జాలమున శిష్యుడు మరల ప్రశ్నింపవచ్చును. వినిన పాఠమును కావలసినప్పుడు మరల వినవచ్చును. కాని ఆ కాలమున ఒక చేదునిజము బయటపడినది. ఇంట ఒకే ఫోనుండి, దానిని తండ్రి పనికి తీసికొనిపోయినచో పిల్లలకు పాఠము లేదు. అన్నయు చెల్లెలును ఉన్నచోట తరచుగా ఫోను అన్నకే దక్కినది. నల్లమల అడవులందలి చెంచుపెంటలలో టవరు సంకేతము అందని తావులు అనేకములు. సేవ ఉండుట వేరు, అది అందరికి అందుట వేరు. అందనివారిని మరచినచో, చదువునకు తోడ్పడవలసిన సాధనమే చదువుకున్నవానికిని చదువులేనివానికిని నడుమ క్రొత్త గోడ కట్టును.

ఈ గోడను తగ్గించు ప్రయత్నములును జరుగుచున్నవి. చదువురానివాడు గూడ నోటితో తెలుగున అడిగి, చెవితో బదులు వినగల సేవలు నేడు వచ్చినవి. మనిషి మాటను యంత్రమునకు తెలియజేయు శాస్త్రమునకు పునాది వేసినవారిలో మన తెలుగువాడు రాజ్ రెడ్డి ఒకరు. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున జన్మించిన ఆయనకు 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారము లభించినది. యంత్రములు పేదలకును, చదువురానివారికిని ఉపయోగపడవలెనని ఆయన పలుమారులు చెప్పుచు వచ్చెను. అయితే మాటలాడు యంత్రము గూడ తప్పు చెప్పవచ్చును. పంటకు మందు, రోగికి ఔషధము వంటి విషయములందు తెలిసినవారిని అడుగక దాని మాటనే నమ్మరాదు.

విద్యార్థులారా! పూర్వము జాబు చదువనేర్చినవాడు ఊరిలో ఒక్కడున్నచో అందరి జాబులును అతడే చదివెడివాడు. ఇంటి గుట్టు, అప్పుల గుట్టు అతనికి తెలిసెడిది. దానిని బయట చెప్పకుండుటయే అతనికి గౌరవము. నేడు మీ ఇండ్లలో అనేకులకు ఆ స్థానము మీరే. నాయనమ్మ పింఛను వచ్చినదో లేదో చూచువారు, తండ్రి భూమిపుటను చదివి వినిపించువారు, పక్కింటివారికి మీ సేవ రసీదు చూచిపెట్టువారు మీరే. కావున మూడు నియమములను పాటింపుడు. ఉన్నదున్నట్లు చదివి చెప్పుడు, తెలియనిచోట తెలియదనుడు. ఒకరి రహస్యసంఖ్యను అడుగకుడు, చెప్పినను గుర్తుంచుకొనకుడు. వారికొరకు మీరే చేసిపెట్టుటతో ఆగక, వారంతట వారు చేసికొనుట నేర్పుడు.

ఈ మూడవది అన్నిటికంటె కష్టము. ఫోనును వారి చేతినుండి తీసికొని క్షణములో పని ముగించుట సులభము. దానిని వారి చేతిలోనే ఉంచి, వ్రేలు ఎచట నొక్కవలెనో ఓర్పుతో పదిమారులు చూపుట కష్టము. కాని అట్లు నేర్చుకొన్న తల్లి మరునాడు మిమ్ము పిలువక తానే తన బ్యాంకు లెక్క చూచుకొనును. మోసగాడు పిలిచినప్పుడు తానే బదులు చెప్పును. గాజుతంతువు ఊరివరకు వచ్చినది. అచటినుండి ఆమె చేతివరకు దానిని తీసికొనిపోవుట చదువుకొన్న మీ పని.